బార్కస్ వైపు బంతాట



ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ విశ్రాంతి అంటారు. ఆ అన్నవారెవరో వంటింట్లో ఎప్పుడూ అడుగుపెట్టి ఉండరు. నానబోసిన పప్పు రుబ్బాలి, ఉతికిన బట్టలు మడతపెట్టాలి, సోమవారం కూరకు చిక్కుళ్ళు ఈనెలు తీయాలి. మొన్న ఒక ఆదివారం ఆ పనులన్నీ అలాగే ఉంచి, నేను ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్ళొచ్చాను. నవ్వకండి. మావారు కూడా ఇలాగే నవ్వారు.

అసలు సంగతి చెబుతాను. మా ఆడపడుచు కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో ఫుట్‌బాల్ నేర్పుతున్నారట. తనూ ఆడతానని పట్టుబట్టింది. వాళ్ళమ్మ ససేమిరా అంది. మోకాళ్ళు చెక్కుకుపోతే రేపు పెళ్ళిచూపుల్లో ఏం చెప్పుకుంటామని దాని బాధ. పిల్ల నాలుగు రోజులు అన్నం దగ్గర అలిగి కూర్చుంది. ఆఖరికి ఆ తగువు నా దగ్గరికొచ్చింది. “వదినా, నువ్వు రేడియోలో పదిమందికి చెప్పేదానివి. దీనికి కాస్త నచ్చజెప్పు” అంది మా ఆడపడుచు. సరే అన్నాను. తీరా నోరు తెరవబోతే ఏముంది, ఆ ఆట గురించి నాకు తెలిసింది సున్నా! చూడని సినిమాను బాగాలేదనొచ్చా? అందుకని ముందొక ఆట చూసి, ఆ తర్వాతే చెబుదామనుకున్నాను.

నాకు ఫుట్‌బాల్ తెలియదని ఒప్పుకోవడానికి ఒకందుకు సిగ్గుగానే ఉంది. మా నాన్నగారికి ఆ ఆటంటే ప్రాణం. చిన్నప్పుడు ఫతేమైదానంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆడుతుంటే, జనం భుజాల మధ్య నుంచి మెడ సాచి చూశారట. మా అన్నయ్యలిద్దరినీ సైకిలు మీద ముందొకణ్ణి, వెనకొకణ్ణి ఎక్కించుకుని ఆటలకు తీసుకెళ్ళేవారు. నన్ను ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. వద్దని అనలేదు, రమ్మనీ పిలవలేదు. నేనూ అడగలేదు. ఆడపిల్ల అడగాల్సిన విషయమని నాకు తట్టలేదు, పిలవాల్సిన విషయమని ఆయనకూ తట్టలేదు. ఆట నుంచి వచ్చాక వాళ్ళ చొక్కాల దుమ్ము దులిపి, చాయ్ పెట్టి ఇచ్చేది మాత్రం మా అమ్మా, నేనూ.

మేముండేది బడంగ్‌పేటలో. అక్కణ్ణుంచి బాలాపూర్ మీదుగా పాతబస్తీ వైపు వెళితే బార్కస్ వస్తుంది. బాలాపూరంటే మీ అందరికీ గణపతి లడ్డూ వేలం గుర్తుకొస్తుంది. అది 1994లో మొదలైంది, మొదటి పాట 450 రూపాయలకు పోయింది. బార్కస్ పేరు వెనక కూడా ఒక కథ ఉంది. నిజాముల కొలువులో పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బు సిపాయిలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళుండే బారకాసులే జనం నోట బార్కస్ అయ్యాయి. ఆ సిపాయిల మనవలు, మునిమనవలు ఇవాళ తెలుగూ ఉర్దూ మాట్లాడుతూ మనతోనే ఉన్నారు. ఆ పేటకు రెండింటి మీద మోజెక్కువ. ఒకటి తినేది, జామకాయ. రెండోది ఆడేది, ఫుట్‌బాల్.

మా మరిది కొడుకు స్కూటరు తీశాడు. “పెద్దమ్మా, నిజంగానే వస్తావా?” అని రెండుసార్లు అడిగాడు. బార్కస్ వైపున్న ఒక చిన్న మైదానం దగ్గర దించాడు. టిక్కెట్టు లేదు, గేటు లేదు, కుర్చీలు లేవు. మట్టి నేల మీద సున్నంతో గీసిన గీతలు, రెండు చివర్లా కర్రలు పాతి కట్టిన గోళ్ళు. ఇది ఏ లీగుకూ చెందిన పోటీ కాదు. రెండు పేటల కుర్రవాళ్ళు కూడబలుక్కుని పెట్టుకున్న ఆట. ఒక జట్టుకు ఎర్ర బనీన్లు, ఇంకో జట్టుకు తెల్లవి. తెల్లబనీన్లన్నీ ఒకే తెలుపు కావు. వాటిని ఉతికిన చేతులు వేరువేరని చూడగానే నాకు తెలిసిపోయింది.

చుట్టూ వంద మంది దాకా ఉన్నారు, అంతా మగవాళ్ళే. ఎదురింటి డాబా మీద మాత్రం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పిట్టగోడ కానుకుని చూస్తున్నారు. నేను కొంగు సర్దుకుని ఒక మూల నిలబడ్డాను. అంతలో ఒక పెద్దాయన, డెబ్భై ఏళ్ళు దాటి ఉంటాయి, దుకాణంలోంచి స్టూలు తెచ్చి వేశారు. “కూర్చోండమ్మా. మీ అబ్బాయి ఆడుతున్నాడా?” అన్నారు. కాదు, ఊరికే చూడ్డానికి వచ్చానన్నాను. ఆయన నా వంక ఒక క్షణం చూసి, “బహుత్ అచ్ఛా” అన్నారు. అక్కడితో నా బెరుకు సగం పోయింది.

ఆట మొదలైంది. పది నిమిషాల దాకా నాకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. ఎర్రవాళ్ళు గోలు కొట్టారు, నేనూ చప్పట్లు కొట్టాను. తీరా చూస్తే ఆఫ్‌సైడు, చెల్లదన్నారు. ఏమిటిదని పెద్దాయన్ను అడిగాను. బంతి అందించే క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడు ఎదుటి జట్టు వాళ్ళందరినీ దాటి, ఒక్క గోలుకీపరు ఎదుట ముందే పోయి నిలబడి ఉండకూడదట. పెళ్ళిలో వడ్డన మొదలుకాకముందే లడ్డూ బుట్ట పక్కన చేరి కూర్చునేవాళ్ళు ఉంటారు చూశారూ, అలాంటివాళ్ళ కోసం పెట్టిన నియమమన్నమాట! అలా అంటే ఆయన పకపకా నవ్వి, పక్కవాళ్ళకు కూడా చెప్పారు.

విరామంలో చాయ్ వచ్చింది. మా నాన్నగారు ఫతేమైదానంలో పోలీసు జట్టును చూసిన సంగతి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. “రహీం సాబ్ జట్టమ్మా అది!” అన్నారు. ఇక కథలు మొదలయ్యాయి. ఇంటికొచ్చాక నేనూ పుస్తకాలు తిరగేసి చూశాను. మన ఊరి కథ మనకు ఇంత తక్కువ తెలుసా అనిపించింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆ తర్వాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, దేశపు జట్టుకు శిక్షకుడయ్యారు. పంతులుగారు కదా, ఆటను కూడా పాఠంలాగే నేర్పారు. కుడికాలి వాటం వాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకుని గారడీ చేయకుండా, వెంటనే పక్కవాడికి అందించాలని మరో రకం పోటీ. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. పని ఒక్కరి చేతిలో ఉండిపోతే వంట ఎప్పటికీ తెమలదు.

ఆ పాఠం ఫలితం చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును మన పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్‌బగాన్‌నే ఓడించింది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీంగారు తీర్చిన భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

అన్నీ విజయాలే కావు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది ఆ చలిదేశంలో ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో ఇక బూట్లు తప్పనిసరి అన్నారు. నాలుగేళ్ళకే, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీద 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానంలో నిలిచాం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ మన హైదరాబాదు వాళ్ళే. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆడి పేరు తెచ్చుకున్న 4-2-4 పద్ధతిని రహీంగారు అంతకుముందే మన జట్టుకు అలవాటు చేశారని ఆట తెలిసినవాళ్ళు చెబుతారు.

బలరాం సంగతి వింటే మీకు కళ్ళు చెమరుస్తాయి. ఆయన 1936లో సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టారు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడి దగ్గర బాగుచేయించుకుని ఆడారట. రహీంగారు ఆ కుర్రవాడి ఆట చూసి, శిక్షణకు రమ్మన్నారు. అంతదూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. అయితే సైకిలు అద్దెకు తీసుకో, అద్దె నేనిస్తానన్నారు పంతులుగారు. సైకిలు అద్దె డబ్బులు! ఆ చిల్లరతో తయారైన ఆటగాడు 1960లో రోము ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. బలరాంగారు 2023 ఫిబ్రవరిలో బెంగాలులో కన్నుమూశారు.

ఆ రోము జట్టులోనే రహీంగారి కొడుకు హకీం కూడా ఉన్నాడు. కన్నకొడుకని తండ్రి ఒక్క ఆటలోనైనా దింపారా అంటే, లేదు. పోటీలన్నీ అయిపోయేదాకా పక్కనే కూర్చోబెట్టారు. తండ్రీ కొడుకూ ఇంటికొచ్చాక ఆ తల్లి ఏమని ఉంటుందో! ఏ పుస్తకమూ అది రాయలేదు. మనం ఊహించుకోవలసిందే.

ఆఖరి ఘట్టం 1962, జకార్తా ఆసియా క్రీడలు. రహీంగారికి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు. ఫైనలులో దక్షిణ కొరియాతో ఆట. భారతదేశం మీద ఏదో రాజకీయపు కోపంతో స్టేడియం నిండా జనం మనవాళ్ళను గేలిచేస్తున్నారు. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు అప్పటికే కుట్లు పడ్డాయి. రహీంగారు అతణ్ణి ముందు వరసలో ఆడించారు. ఆ కుట్లతోనే అతను గోలు కొట్టాడు. పీకే బెనర్జీ ఇంకొకటి కొట్టాడు. 2-1తో స్వర్ణం మనదైంది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీంగారు పోయారు. అప్పటికి యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

“ఆ తర్వాత మన ఊళ్ళో ఆట ఎందుకు తగ్గిందండీ?” అనడిగాను. పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. చుట్టూ చూపించారు. ఆ మైదానానికి మూడు వైపులా మూడంతస్తుల ఇళ్ళు. ఒకప్పుడు ఇలాంటి ఖాళీ జాగాలు పేటపేటకూ ఉండేవన్నారు.

మా బడంగ్‌పేటను తలుచుకుంటే ఆ మాట నాకు బాగా ఎక్కింది. మేము ఇల్లు కట్టుకుంది కూడా ఒకప్పటి పొలంలోనే. తప్పు ఎవరిదని అనను? ప్లాటు కొన్నప్పుడు కొబ్బరికాయ కొట్టింది నేనే. పిల్లలు ఆడుకునే జాగా ఎక్కడని ఆ రోజు మావారూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంకా కారణాలున్నాయి. కలకత్తా క్లబ్బులు డబ్బూ పేరూ ఇచ్చాయి, మన మేటి ఆటగాళ్ళు అటు వెళ్ళారు. నయీముద్దీన్ వెళ్ళారు, ఆయన నాయకత్వంలోనే 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కంచు పతకం వచ్చింది. మహమ్మద్ హబీబ్ వెళ్ళారు. 1977లో ప్రపంచం మెచ్చిన పెలే కలకత్తా వచ్చి కాస్మోస్ జట్టు తరఫున ఆడితే, మోహన్‌బగాన్‌కు ఒక గోలు కొట్టింది మన హబీబే. ఆ ఆట 2-2తో సరిసమానమైంది. 1983లో మనం క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచాక, టీవీలు ఇంటింటికీ వచ్చాక, పిల్లల చేతుల్లోకి బ్యాట్లొచ్చాయి. ఫతేమైదానానికి 1967లో లాల్‌బహదూర్ స్టేడియమని పేరు మారింది. అక్కడ క్రికెట్ ఆటలకు ఇసకవేస్తే రాలనంత జనం వచ్చారు. ఈమధ్య కూడా హైదరాబాద్ పేరుతో ఒక పెద్ద క్లబ్బు 2019లో పుట్టి, 2022లో దేశంలోని పెద్ద లీగును గెలిచింది. ఆ జట్టూ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీంగారి మీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వస్తే, ఆయన మన ఊరివాడని పక్కింటివాళ్ళకు నేను చెప్పాల్సి వచ్చింది.

ఇలా వెళ్ళిపోయినవన్నీ లెక్క పెట్టుకున్నాక, పోనిది ఏమిటో ఆ స్టూలు మీద కూర్చునే చూశాను. ఇదుగో, ఈ పేట ఆట. దీనికి ఎవరి డబ్బూ లేదు. ఎవరి ఇంట్లోనో కలిపిన నిమ్మరసం, ఎవరో కొట్టించిన సున్నం, ఎవరో ఇచ్చిన స్టూలు. రహీంగారి సైకిలు అద్దె కూడా ఇలాంటిదే కదా? ఒలింపిక్స్ దాకా వెళ్ళిన ఆట ఇలాంటి మట్టిలోనే మొలిచింది. చూసేవాళ్ళు ఉన్నంతకాలం అది ఎండిపోదు. మరి చూసేవాళ్ళలో మనం ఎందుకు లేము?

ఆడవాళ్ళకు ఈ ఆట సరిపడదనే మాట మన దేశంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు మగవాళ్ళు యుద్ధానికి పోతే, ఆడపిల్లలు ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ జట్లు కట్టుకున్నారు. ప్రెస్టన్ ఊళ్ళో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ పిల్లల జట్టు అందులో పేరుమోసింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. జాగా చాలక ఇంకా వేలమంది వెనుదిరిగారు. వచ్చిన సొమ్మంతా ధర్మకార్యాలకే పోయింది. మరుసటి ఏడు, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదని తేల్చి, తమ మైదానాల్లో వాళ్ళను అడుగుపెట్టనివ్వద్దంది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. యాభై ఏళ్ళు! ఇక్కడ మనల్ని ఎవరూ నిషేధించలేదు. మనంతట మనమే డాబా మీద ఆగిపోయాం.

అందరూ ఆగలేదనుకోండి. మన దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కు 1975లోనే ఒక సమాఖ్య ఏర్పడింది. ఇక మన నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య మాట వినండి. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ జట్టు ఆమెను తీసుకుంది. 2025లో దేశంలోకెల్లా మేటి క్రీడాకారిణి అని అఖిల భారత సమాఖ్య బహుమతి ఇచ్చింది. ఆమె మోకాళ్ళు ఎన్నిసార్లు చెక్కుకుపోయాయో నాకు తెలియదు గాని, ఆ బహుమతి అందుకునేటప్పుడు వాటిని ఎవరూ చూసి ఉండరు.

బార్కస్ ఆట చివరికి ఏమైందంటారా? ఐదు నిమిషాలుండగా తెల్లబనీను కుర్రాడొకడు కిందపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. నా గుండె గుభేలుమంది. ఎదుటి జట్టు పిల్లవాడే సీసాతో నీళ్ళు తెచ్చి కడిగాడు, చెయ్యిచ్చి లేపాడు. ఆ కుర్రాడు కుంటుకుంటూనే ఆడాడు. ఒకటికి ఒకటి, సమానం. అందరూ అందరి భుజాల మీదా చేతులు వేసుకుని వెళ్ళారు. పెద్దాయన స్టూలు తీస్తూ, “వచ్చే ఆదివారం కూడా ఉందమ్మా. ఈసారి ఇంట్లో అందరినీ తీసుకురండి” అన్నారు. ఎదురు డాబా మీది ఆడవాళ్ళ వైపు చెయ్యి ఊపాను. ఒకావిడ తిరిగి ఊపింది.

రాత్రి మా ఆడపడుచుకు ఫోను చేశాను. “నచ్చజెప్పావా వదినా?” అంది. “చెబుదామనే పోయాను. తీరా నాకే నచ్చింది” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. దాని భయం నాకు తెలియనిది కాదు. ఆడపిల్లను కన్నవాళ్ళకు ఆ భయం అన్నంతోపాటు తినేదే. అది నోటిమాటతో పోదు. ఒక ఆట చూస్తే కొంత పోతుంది, నాకు పోయింది. ఇప్పుడు పిల్ల ఆడుతోంది. బూట్లు నేనే కొనిచ్చాను. వాళ్ళమ్మ ఇంకా మైదానానికి రాలేదు గాని, దెబ్బ తగిలితే వేయడానికి పసుపు మాత్రం పొట్లం కట్టి పంపుతోంది. అదీ ఒక అడుగే కదా?

కాబట్టి అక్కచెల్లెళ్ళూ, మీ పేటలో ఏ మైదానంలోనైనా ఆదివారం పిల్లలు బంతి తన్నుతుంటే, ఒక్క గంట వెళ్ళి నిలబడండి. మీ పిల్లవాడు ఆడకపోయినా సరే. మీ ఇంటి ఆడపిల్లను వెంటబెట్టుకుని మరీ వెళ్ళండి. మా నాన్నగారు నన్ను పిలవడం మరిచిపోయారు. మనం మరిచిపోవద్దు. రుబ్బాల్సిన పప్పు ఎక్కడికీ పోదు. నేను వచ్చేసరికి అది ఇంకా బాగా నాని, గారెలు మెత్తగా వచ్చాయి.